ఎలిప్టికల్ ట్రైనర్: ఇంటి వాడకానికి ఎంపిక

ఎలిప్టికల్ ట్రైనర్ నిలబడి తొక్కే వ్యాయామ యంత్రం. రెండు పెడళ్ళ మీద పాదాలు ఆనించి నడుస్తున్నట్టు కాళ్ళు ఆడిస్తే పెడళ్ళు కోడిగుడ్డు ఆకారంలో చుట్టు తిరుగుతాయి. పాదం పెడల్‌ను వదలదు కనుక నేలను తాకే దెబ్బ ఉండదు. చాలా యంత్రాల్లో ముందుకీ వెనక్కీ ఊగే చేతి కడ్డీలు కూడా ఉంటాయి. మన దుకాణాల్లో దీన్నే క్రాస్ ట్రైనర్ అంటారు.

ఇళ్ళలోకి వచ్చిన పెద్ద వ్యాయామ యంత్రాల్లో ఎంచుకోవడం అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ట్రెడ్‌మిల్ మీద ఎంత అంగ వేయాలో మనిషి ఇష్టం. వ్యాయామ సైకిలుకు సీటు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఎలిప్టికల్ మీద అంగ ఎంత ఉండాలో, పాదం ఏ దారిన పోవాలో యంత్రమే నిర్ణయిస్తుంది. ఇంటి రకాల్లో చాలావాటికి ఆ దారిని తర్వాత మార్చే వీలుండదు. కాబట్టి దీని మంచిచెడ్డలు చూడాలంటే ముందు పాదం దారిని చూడాలి. తెర, బ్లూటూత్, పాటల స్పీకరు ఆ తర్వాతి మాట. ప్రకటనల్లో మాత్రం వరస సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

పేరుతో వచ్చే తికమక

ఎలిప్స్ అంటే బడి లెక్కల పుస్తకంలోని దీర్ఘవృత్తం. ఆ పేరు ఈ యంత్రానికి పాదం గీసే ఆకారాన్ని బట్టి వచ్చింది. చేతి కడ్డీలు ఊగే ప్రతి యంత్రమూ ఎలిప్టికల్ కాదు. సీటు మీద కూర్చుని తొక్కుతూ చేతులు ఆడించే ఎయిర్ బైకును మన ఊళ్ళలో ఆర్బిట్రెక్ అని పిలవడం అలవాటైంది. అందులో పాదాలు సైకిలు మీదలాగే చిన్న వృత్తంలో తిరుగుతాయి. పార్కుల్లోని ఓపెన్ జిమ్‌లలో ఉయ్యాలలా ఊగే ఎయిర్ వాకర్ మీద పాదం ఒక చాపంలో ముందుకూ వెనక్కూ పోయి అదే దారిలో తిరిగి వస్తుంది, చుట్టు తిరగదు. ఇవన్నీ ఇంటర్నెట్ అమ్మకాల్లో ఒకే గంపలో కనిపిస్తాయి. ఎలిప్టికల్‌కే సీటు తగిలించి ‘రెండూ ఒకదానిలో’ అని అమ్మే రకం కూడా ఉంది. నిలబడే మనిషికి కావలసిన కొలతలు వేరు, కూర్చునే మనిషికి కావలసినవి వేరు. రెంటికీ రాజీ పడితే సాధారణంగా రెండూ చెడతాయి.

పుట్టుక

1968లో కెనెత్ కూపర్ రాసిన ‘ఏరోబిక్స్’ పుస్తకం తర్వాత అమెరికాలో పరుగు ఒక వేలంవెర్రి అయింది. దాని వెంటే మోకాళ్ళ నొప్పులూ వచ్చాయి. పరుగు ఫలితం దక్కాలి, అదురు మాత్రం ఉండకూడదు అన్న కోరికకు 1970లలో ఇంట్లో మంచు స్కీయింగ్ చేయించే నార్డిక్‌ట్రాక్, 1980లలో మెట్లెక్కించే యంత్రాలు జవాబులుగా వచ్చాయి. జనరల్ మోటార్స్‌లో ఇంజినీరుగా పనిచేసిన లారీ మిల్లర్, తన కూతురు పరుగెత్తుతుంటే పక్కనే కారులో వెళుతూ వీడియో తీసి, ఆమె పాదం గాలిలో గీసిన ఆకారాన్ని చూసి ఈ యంత్రాన్ని ఊహించాడని దీని పుట్టుక గురించి చెబుతారు. ఆ ఆలోచనను వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ప్రికోర్ సంస్థ అందుకుని 1995లో ఇ.ఎఫ్.ఎక్స్. పేరుతో బజారులోకి తెచ్చింది. తొలి నమూనాల్లో ఊగే చేతి కడ్డీలు లేవు, పట్టుకోవడానికి కదలని పిడులే ఉండేవి. కొన్నేళ్ళలోనే ఇతర కంపెనీలూ తమ రకాలను తెచ్చాయి. వ్యాయామ సైకిళ్ళకు పేరుపడ్డ పెలోటన్ సంస్థ 2020 డిసెంబరులో ప్రికోర్‌ను 42 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇదే కదలికకు చక్రాలు తగిలించి రోడ్డు మీద నిలబడి తొక్కే ఎలిప్టిగో అనే వాహనం 2010లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. అది వేరే కథ.

పాదం నడిచే దారి

పాతకాలపు పొగబండి చక్రాన్ని గుర్తు తెచ్చుకుంటే ఈ యంత్రం సగం అర్థమైనట్టే. చక్రాన్ని తిప్పే పొడవాటి ఇనుప కడ్డీకి ఒక కొస చక్రంతో పాటు గుండ్రంగా తిరుగుతుంది. రెండో కొస సిలిండరు దగ్గర ముందుకూ వెనక్కూ తిన్నగా జారుతుంది. మరి కడ్డీ మధ్యలో సుద్దతో ఒక చుక్క పెడితే? చుక్క అడ్డంగా పోయే దూరం తిరిగే కొసతో దాదాపు సమానం, ఎత్తు మాత్రం తగ్గుతుంది. అంటే పైనుంచి అదిమిన వృత్తం. ఎలిప్టికల్ యంత్రంలో ఆ చుక్క ఉన్నచోటే పెడల్ ఉంటుంది. కడ్డీ ఒక కొస గుండ్రంగా తిరిగే క్రాంకు అనే చేతికి తగిలించి ఉంటుంది. రెండో కొస పట్టా మీద చిన్న చక్రంతో దొర్లుతుంది, లేదా ఊగే చేతి కడ్డీ అడుగుకు అతికి చాపంలో కదులుతుంది. గణితం లెక్కన చూస్తే ఇది అచ్చమైన దీర్ఘవృత్తం కాదు, ఒక పక్క కాస్త ఉబ్బిన అండాకారం.

దీన్నుంచి కొనేవాడికి పనికొచ్చే రెండు సంగతులు తేలతాయి. మొదటిది, మామూలు అమరికలో అంగ పొడవు క్రాంకు పొడవుకు సుమారు రెట్టింపు. 10 అంగుళాల క్రాంకుంటే 20 అంగుళాల అంగ, 6 అంగుళాల క్రాంకుంటే 12 అంగుళాల అంగ. పెద్ద క్రాంకు తిరగడానికి పెద్ద చట్రం కావాలి, పెద్ద చట్రానికి ఇనుము ఎక్కువ పడుతుంది, ధర పెరుగుతుంది. ‘తక్కువ చోటు చాలు’ అనే యంత్రం చాలాసార్లు ‘అంగ తక్కువ’ అనే యంత్రమే. రెండోది, పెడల్ క్రాంకు దగ్గరగా ఉంటే దారి గుండ్రంగా, జారే కొసకు దగ్గరగా ఉంటే చదునుగా ఉంటుంది. చవక రకాల్లో అంగ చిన్నది, దారి గుండ్రనిది. వాటి మీద నడిచినట్టు ఉండదు, సైకిలు మీద నిలబడి తొక్కినట్టు ఉంటుంది. ఎక్కినవాళ్ళు ‘ఎందుకో కుదరట్లేదు’ అని దిగిపోవడానికి చాలావరకు ఇదే కారణం. వాళ్ళు తమ ఓపికనే తప్పుపట్టుకుంటారు.

170 సెంటీమీటర్ల మనిషి మామూలు నడకలో వేసే అంగ దాదాపు 70 సెంటీమీటర్లు, అంటే 27–28 అంగుళాలు. జిమ్ యంత్రాల్లో సాధారణంగా ఉండే 20 అంగుళాల అంగ దానికన్నా చిన్నదే, అయినా సుఖంగా ఉంటుంది. మన బజారులో చవకగా దొరికే వాటిలో 10 నుంచి 14 అంగుళాలవి చాలా కనిపిస్తాయి. అయిదడుగుల మూడంగుళాల లోపు వాళ్ళకు 16–18, ఆ పైన అయిదడుగుల ఎనిమిది వరకు 18–20, ఇంకా పొడగరులకు 20–22 అంగుళాలు అన్నది వాడుకలో ఉన్న కొలత. ఇంట్లో అందరూ వాడేటట్టయితే పొడవైన మనిషిని చూసి కొనడం మేలు. పొట్టివాళ్ళు కాస్త పెద్ద అంగకు సర్దుకోగలరు, పొడగరి చిన్న అంగకు సర్దుకోలేడు. వివరాల పట్టికలో అంగ పొడవు రాయలేదంటే అది చెప్పుకోదగ్గది కాదనే అనుకోవచ్చు. దుకాణంలో టేపు పెట్టి, పెడల్ అన్నిటికన్నా ముందుకు వచ్చినచోటి నుంచి అన్నిటికన్నా వెనక్కి పోయినచోటికి కొలిస్తే నిమిషంలో తేలిపోతుంది.

రెండు పెడళ్ళ మధ్య ఎడం కూడా చూడాలి. నడిచేటప్పుడు మన పాదాలు దాదాపు ఒకదాని దారిలో ఒకటి పడతాయి. యంత్రంలో వాటి మధ్య చట్రమో, క్రాంకో అడ్డుంటే కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడవాల్సి వస్తుంది, అరగంటకు తుంటి నొప్పి మొదలవుతుంది.

ఫ్లైవీల్ (ఊపు నిలిపే బరువైన చక్రం) ముందుందా, వెనకుందా, పక్కలనుందా అన్నదాని మీద కంపెనీలు చాలా రాస్తాయి. వెనక ఫ్లైవీల్ ఉన్నవాటి దారి చదునుగా ఉంటుందన్నది మొత్తం మీద నిజమే అయినా, బాగా కట్టిన ముందు ఫ్లైవీల్ యంత్రం నాసిరకం వెనక ఫ్లైవీల్ దానికన్నా నయం.

ఫ్లైవీల్, అయస్కాంతం

కాలితో తొక్కే కుట్టుమిషను మీద మొదటిసారి కూర్చున్నవాళ్ళకు ఒక అనుభవం తప్పదు. చక్రం సగం తిరిగి ఆగుతుంది, లేదా వెనక్కి తిరిగి దారం తెంపుతుంది. క్రాంకు అటు చివరో ఇటు చివరో ఉన్నప్పుడు కాలి బలం దాన్ని ఏ వైపుకూ తిప్పలేదు. ఆ చోటు దాటించేది చక్రం బరువులో నిలవున్న వేగమే. ఎలిప్టికల్‌లో ఫ్లైవీల్ చేసే పనీ ఇదే. అది చాలకపోతే చుట్టుకు రెండుసార్లు చిన్న కుదుపు తగులుతుంది.

అమ్మకపు కాగితం మీద ‘6 కిలోల ఫ్లైవీల్’, ‘10 కిలోల ఫ్లైవీల్’ అని రాస్తారు. కిలోలు సగం సంగతే చెబుతాయి. తిరిగే చక్రంలో నిలవుండే శక్తి దాని బరువుతో పాటు వ్యాసం మీద, వేగం మీద ఆధారపడుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. పెడల్ ఒక చుట్టు తిరిగేలోపు బెల్టు ద్వారా ఫ్లైవీల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలియనిదే కిలోలను పోల్చి లాభం లేదు. దీనికి చేతి పరీక్ష ఉంది, కాదు, కాలి పరీక్ష. తొక్కుడుకు అడ్డుపడే బిగువును అన్నిటికన్నా ఎక్కువ పెట్టి, వీలైనంత నెమ్మదిగా తొక్కాలి. అప్పుడు కుదుపు తగలకపోతే ఫ్లైవీల్ సరిపోయినట్టే.

బిగువు ఇప్పుడు ఎక్కువగా అయస్కాంతాలతో వస్తుంది. తిరిగే లోహపు చక్రం దగ్గరికి అయస్కాంతాన్ని తెస్తే లోహంలో సుడులుగా విద్యుత్ ప్రవాహాలు పుట్టి చక్రాన్ని వెనక్కి లాగుతాయి. అయస్కాంతం ఎంత దగ్గరైతే లాగుడు అంత ఎక్కువ. ఏదీ దేనికీ రాసుకోదు కనుక అరుగుదల లేదు, చప్పుడు లేదు. చవక రకాల్లో నాబ్ తిప్పితే తీగ అయస్కాంతాన్ని జరుపుతుంది. పై రకాల్లో ఆ పని చిన్న మోటారు చేస్తుంది, లేదా విద్యుదయస్కాంతం వాడతారు. 8 స్థాయిలు, 16 స్థాయిలు, 32 స్థాయిలు అన్న అంకెలకు అర్థం పెద్దగా లేదు. ఒక కంపెనీ 8వ స్థాయి ఇంకొక కంపెనీ 20వ స్థాయి కన్నా బరువుగా ఉండవచ్చు.

తెర చెప్పే అబద్ధాలు

నాబ్‌తో నడిచే యంత్రాల్లో తెరకు అందే సమాచారం సాధారణంగా ఒక్కటే: చక్రం ఎన్నిసార్లు తిరిగింది. నాబ్ ఎక్కడుందో దానికి తెలియదు, ఎక్కిన మనిషి బరువూ తెలియదు. 1లో పెట్టి హాయిగా తొక్కినా, 8లో పెట్టి చెమటోడ్చినా అది ఒకే కేలరీలు చూపిస్తుంది. దుకాణంలో రెండు నిమిషాలు ఇలా, రెండు నిమిషాలు అలా ఒకే వేగంతో తొక్కి చూస్తే యంత్రం నిజాయితీ బయటపడుతుంది.

శరీర శ్రమలను లెక్కగట్టిన 2011 నాటి పట్టికలో మోస్తరు ఎలిప్టికల్ వ్యాయామానికి 5 మెట్‌లు అని ఇచ్చారు. ఊరికే కూర్చున్నప్పటి ఖర్చుకు అయిదు రెట్లని దాని అర్థం. 70 కిలోల మనిషి అరగంట తొక్కితే 5 × 70 × 0.5, అంటే 175 కేలరీలు. అందులో కూర్చున్నా ఖర్చయ్యే 35 తీసేస్తే వ్యాయామం వల్ల పోయింది 140. తెర మీద అదే అరగంటకు 300, 350 కనిపించడం వింత కాదు. ఆ ధైర్యంతో మసాలా దోశ తెప్పించుకుంటే లెక్క తలకిందులవుతుంది.

ఇలాంటి యంత్రాలకు ఐ.ఎస్.ఓ. 20957 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో 9వ భాగం ప్రత్యేకంగా ఎలిప్టికల్ ట్రైనర్లదే. ఇంటి వాడకానికి ‘హెచ్’, జిమ్‌ల వంటి చోట్లకు ‘ఎస్’ అని తరగతులు, తెర అంకెల కచ్చితత్వానికి ‘ఎ’, ‘బి’, ‘సి’ అని మెట్లు పెట్టారు. ఎ అన్నిటికన్నా కచ్చితం, సి అన్నిటికన్నా తక్కువ. మన ఇళ్ళకు వచ్చేవాటిలో ‘హెచ్‌సి’ అన్న గుర్తు తరచు కనిపిస్తుంది. అంటే కట్టుబాటు ఇంటి స్థాయిది, అంకెలను పట్టించుకోనక్కర లేదు. అపార్ట్‌మెంట్ సంఘం వారు క్లబ్‌హౌస్ కోసం ‘హెచ్’ తరగతి యంత్రం కొంటే పదిమంది తొక్కుడుకు అది నిలవదు, పైగా ఇంటి వాడకపు వారంటీ అక్కడ చెల్లదు.

చేతి పిడుల మీది లోహపు పలకలు చూపే గుండె వేగం కూడా పట్టు సడలితే తప్పుతుంది. ఛాతీకి కట్టే పట్టీ నయం. ఏదీ లేకపోయినా పాత పద్ధతి ఉంది: మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మోస్తరు వ్యాయామం. వారానికి అలాంటివి 150 నుంచి 300 నిమిషాలు, దాంతో పాటు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన.

మోకాళ్ళ మాట

‘మోకాళ్ళకు మంచిది’ అన్నది ఈ యంత్రాన్ని అమ్మే మొదటి మాట. సగం నిజం. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి వస్తుంది. ఇక్కడ ఆ దెబ్బ లేదు. కానీ దెబ్బ లేకపోవడమూ, శ్రమ లేకపోవడమూ ఒకటి కాదు. తైవాన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన కొలతల్లో, మామూలు నడకతో పోలిస్తే మడమ ఆనేటప్పటి అదురు తగ్గినా, మోకాలిని చాచే కండరాలకూ తుంటిని వంచే కండరాలకూ పని పెరిగినట్టు తేలింది. మోకాలు ఎక్కువ వంగి ఉండగానే బరువు మోయాల్సి రావడం దీనికొక కారణం. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్ళు బిగువు తక్కువ పెట్టి మొదలుపెట్టాలి, నొప్పి పెరిగితే ఆపాలి. కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు కొనేముందే వైద్యుణ్ణో ఫిజియోథెరపిస్టునో అడగడం డబ్బు పొదుపు కూడా. అదురు లేకపోవడానికి ఇంకో వెల ఉంది. ఎముకలు గట్టిపడడానికి కొంత తాకిడి కావాలి. ఆ మేలు ఇందులో తక్కువ కనుక నడకను పూర్తిగా మానుకోవడం తగదు.

కాలి వేళ్ళు తిమ్మిరెక్కడం ఈ యంత్రం మీద ఎదురయ్యే ఇంకో ఇబ్బంది. పాదం లేవదు కాబట్టి ముందు భాగం మీద ఒత్తిడి తెగదు. బూటు తాళ్ళు వదులు చేసి, మధ్యమధ్య వేళ్ళు కదిపి, రెండు నిమిషాలు వెనక్కి తొక్కితే తగ్గుతుంది.

ఇంట్లో చోటు

నేల మీద కావలసిన పొడవు వెడల్పులు పెట్టె మీదే ఉంటాయి. ఎవరూ కొలవనిది ఎత్తు. పెడల్ పైకి వచ్చినప్పుడు నేల నుంచి 40–45 సెంటీమీటర్లు ఉండవచ్చు. 178 సెంటీమీటర్ల మనిషి దాని మీద నిలబడితే తల దాదాపు 220 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. పదడుగుల స్లాబు కింద ఇది ఇబ్బంది కాదు, తల తిరిగే ఫ్యాను కిందే ఉంటుంది. అయితే ముఖం తుడుచుకోవడానికి చెయ్యెత్తితే రెక్కలు దగ్గరే. సామాన్ల అటక ఏడడుగుల ఎత్తున ఉంటే దాని కింద మాత్రం పెట్టనే కూడదు.

బాల్కనీ చాలామందికి తోచే చోటు. గాలి వస్తుంది, హాలు ఖాళీగా ఉంటుంది. కానీ మీటరు ఎత్తు పిట్టగోడ పక్కన 40 సెంటీమీటర్లు పైకెక్కి ఊగుతున్న మనిషికి ఆ గోడ తొడల దాకానే వస్తుంది. పై అంతస్తుల్లో ఇది ప్రాణాపాయం. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో బాల్కనీ ఉప్పుగాలి మరలకూ పట్టాలకూ తుప్పు పట్టిస్తుంది కూడా.

ఈ యంత్రం సైకిలులా ఖాళీగా తిరగదు. ఒక పెడల్ కదిలితే రెండోదీ, చేతి కడ్డీలూ అన్నీ కదులుతాయి, ఫ్లైవీల్ ఊపు ఆగేదాకా ఆగవు. పట్టా మీద దొర్లే చక్రం కింద చంటిపిల్లల వేళ్ళు పడే ప్రమాదం ఉంది. చున్నీ, చీర కుచ్చెళ్ళు, లుంగీ క్రాంకులో చిక్కుకుంటాయి. అయితే ట్రెడ్‌మిల్‌తో పోలిస్తే దీనికున్న పెద్ద సుఖం కరెంటుది. నాబ్ రకానికి తెరలోని చిన్న బ్యాటరీలు తప్ప ఏమీ అక్కర్లేదు, కరెంటు పోయినా తొక్కవచ్చు.

బేరం, పాతవి

ఇంటి రకాలు పది పన్నెండు వేల రూపాయల నుంచి లక్ష దాటి కూడా ఉన్నాయి. ధర కన్నా యంత్రం సొంత బరువు నిజం చెబుతుంది. 30 కిలోల చట్రం 85 కిలోల మనిషి కింద ఊగుతుంది. 60 కిలోలు దాటినవి నిలకడగా ఉంటాయి, కాకపోతే లిఫ్టులో పట్టించి పైకి చేర్చే తలనొప్పి కొనేవాళ్ళది. మోయగల బరువు అని రాసినదానికి ఓ 20 కిలోలు తగ్గించి చూసుకోవాలి. దుకాణంలో బూట్లు వేసుకుని పది నిమిషాలైనా తొక్కాలి, అందులో కాసేపు చేతులు వదిలేసి. చేతులు వదలగానే ఒళ్ళు ముందుకు తూలితే ఆ అంగ మనకు కుదరలేదన్నమాట.

పాతవి కొనడం ఈ యంత్రం విషయంలో తెలివైన పనే, ఎందుకంటే చాలా వాటిని ఎవరూ సరిగా తొక్కి ఉండరు. కిర్రుమనే ప్రతి చప్పుడూ లోపం కాదు. కొన్ని నెలలకోసారి బోల్టులు బిగించి, పట్టా తుడిచి, కీళ్ళకు కంపెనీ చెప్పిన గ్రీజు పెడితే చాలావరకు పోతుంది. బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్నిటిలో ఎడమ పెడల్ వైపు బోల్టు సైకిలు పెడల్‌లాగే ఎదురు దిశలో బిగుస్తుంది, తెలియక బలం వాడితే మర పాడవుతుంది. క్రాంకు దగ్గర చేత్తో పట్టి ఊపితే టకటకమని ఆడే యంత్రాన్ని మాత్రం వదిలేయాలి. కీళ్ళలోని బుష్‌లు అరిగాయని అర్థం. అవి దొరకడం హైదరాబాదు, విజయవాడ దాటితే కష్టం. ‘రెండు నెలలే వాడాం’ అన్న మాటకు తెర మీది కిలోమీటర్లు సాక్ష్యం కావు, బ్యాటరీ తీస్తే చాలా యంత్రాల్లో అవి సున్నా అవుతాయి. పెడల్ మీది గరుకు గీతలు చూడాలి. బొటనవేలి కింద అవి నున్నగా అరిగి ఉంటే ఆ ఇంట్లో ఎవరో దాన్ని నిజంగానే తొక్కారు.